బ్యాకప్ సక్సెస్ అంది, ఫొటోలు మాత్రం లేవు: రెండు బ్యాక్‌స్లాష్‌ల కథ

ఇక్కడ మనం ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, ఛార్జర్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం లోపలికి వెళ్దాం. ఇంట్లో నాస్ బాక్స్ పెట్టుకున్నవాళ్లు, రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్ట్‌కి హార్డ్‌డిస్క్ తగిలించుకున్నవాళ్లు, ఆఫీసులో షేర్డ్ ఫోల్డర్ వాడేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ డబ్బా ఎంత స్పీడు, ఎన్ని టెరాబైట్లు అని అందరం చూస్తాం. దానిలోకి ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ ఆ డబ్బా అడ్రస్‌ని సరిగ్గా చదువుతోందా లేదా అని మాత్రం ఎవరం చూడం. నేనూ చూడలేదు. నేను చూడకపోవడం వల్ల మా నాన్న ఒక కుటుంబం ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ముందే చెప్పేస్తున్నా, తప్పు చేసింది నేనే. కానీ ఆ తప్పును పట్టుకోగలిగిన చోట ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ల స్టాండర్డ్ లైబ్రరీలు ఏం చేస్తున్నాయి, ఏం చేయాలి అన్నదే ఈ వ్యాసం.

అసలు ఈ రెండు గీతలు ఏమిటి?

విండోస్ వాడే ప్రతి ఒక్కరికీ సీ:\ అనే అడ్రస్ తెలుసు. ముందు డ్రైవ్ అక్షరం, తర్వాత కోలన్, తర్వాత ఫోల్డర్లు. ఇది మీ కంప్యూటర్ లోపలి అడ్రస్. ఇంట్లోవాళ్లతో "మధ్య గదిలో బీరువా, రెండో అర" అంటే చాలు కదా, అలాంటిది.

వేరే కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ కావాలంటే ఊరు, వీధి కూడా చెప్పాలి. అప్పుడు అడ్రస్ ఇలా ఉంటుంది: \\నాస్\ఫొటోలు\2023. మొదట్లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వెంటనే ఆ మెషీన్ పేరు, తర్వాత అది బయటికి పంచుతున్న షేర్ పేరు, ఆ తర్వాత మామూలు ఫోల్డర్లు. దీన్నే యూఎన్‌సీ పాత్ అంటారు. మొదట్లో ఉన్న ఆ రెండు గీతల అర్థం ఒక్కటే: "ఇక్కడినుంచి ఇది మన ఇల్లు కాదు."

ఈ గజిబిజికి కొంత చరిత్ర ఉంది. 1983లో ఎంఎస్-డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాయి. యునిక్స్‌లో ఫోల్డర్లను విడదీసేది మామూలు స్లాష్. డాస్‌లో ఆ స్లాష్‌ని అప్పటికే కమాండ్ల ఆప్షన్లకు వాడేస్తున్నారు, అందుకని తిరగేసిన గీత వచ్చింది. ఐబీఎంలో పుట్టిన ఎస్ఎంబీ ప్రోటోకాల్‌తో నెట్‌వర్క్ షేర్లు వచ్చాక అదే గీత రెండుసార్లు పెట్టి బయటి మెషీన్ అన్నారు. 1992లో ఆండ్రూ ట్రిజెల్ ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన సాంబా ప్రాజెక్టుతో లైనక్స్ మెషీన్లు కూడా ఈ భాష మాట్లాడటం నేర్చుకున్నాయి. మనం కొనే చాలా నాస్ బాక్సుల్లో లోపల పనిచేసేది ఇదే. ఫోన్‌లోని ఫైల్ మేనేజర్ నెట్‌వర్క్ స్టోరేజ్ చూపించినా, ఐఓఎస్ 13 నుంచి ఐఫోన్ ఫైల్స్ యాప్ సర్వర్‌కి కనెక్ట్ అవుతున్నా, అదంతా ఎస్ఎంబీ పుణ్యమే.

"మాకు నాస్ లేదు, మాకెందుకు" అనుకునే డెవలపర్లకు ఒక మాట. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ వాడుతున్నారా? మీ లైనక్స్ ఫైళ్లు ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే అడ్రస్ \\డబ్ల్యూఎస్ఎల్.లోకల్‌హోస్ట్ అని మొదలవుతుంది. అది కూడా యూఎన్‌సీ పాతే. మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది, కానీ అడ్రస్ మాత్రం పక్క ఊరిది.

మా స్టూడియోలో జరిగింది

మా నాన్నకి తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు తీస్తారు. 2022లో నేను బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉండగా స్టూడియోకి ఒక నాస్ కొన్నాం. అప్పటిదాకా నాన్న కుదిరినప్పుడల్లా ఫోల్డర్లు చేత్తో కాపీ చేసుకునేవారు. "నేనుండగా నీకెందుకు నాన్నా ఈ పని" అని, రోజూ రాత్రి డీ డ్రైవ్‌లోని కొత్త ఫొటోలను నాస్‌లోకి కాపీ చేసే పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రాశాను. అరవై లైన్లు. చివర్లో స్క్రీన్ మీద పచ్చ రంగులో "బ్యాకప్ సక్సెస్" అని, ఎన్ని ఫైళ్లు కాపీ అయ్యాయో ఆ అంకె.

ఎక్కడినుంచి ఎక్కడికి అన్న అడ్రస్‌లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టాను. కోడ్ రాసేవాళ్లకు తెలుసు, ప్రోగ్రామ్ లోపల ఒక బ్యాక్‌స్లాష్ రావాలంటే మామూలుగా రెండు రాయాలి. ఆ అలవాటులో డీ డ్రైవ్ అడ్రస్‌ని డీ:\\పెళ్లిళ్లు అని రాశాను. ఎక్కడ చూసినా రెండేసి గీతలు కనిపిస్తున్నాయని స్క్రిప్ట్‌లో ఒక లైన్ పెట్టాను: రెండు బ్యాక్‌స్లాష్‌లు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒకటి చెయ్యి. "క్లీనప్" అని కామెంట్ కూడా రాసుకున్నాను. ఇంట్లో పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌తో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేసింది.

స్టూడియోకి వెళ్లాక నాస్ అడ్రస్‌ని ఎక్స్‌ప్లోరర్ బార్‌లోంచి కాపీ చేసి ఆ టెక్స్ట్ ఫైల్‌లో పేస్ట్ చేశాను. అక్కడ మొదట్లో సరిగ్గా రెండే గీతలున్నాయి. నా క్లీనప్ లైన్ దాన్ని ఒకటి చేసింది. \\స్టూడియో-నాస్\ఫొటోలు కాస్తా \స్టూడియో-నాస్\ఫొటోలు అయింది.

ఇక్కడ ఎర్రర్ వచ్చి ఉంటే ఈ కథే లేదు. రాలేదు. ఎందుకంటే విండోస్‌లో ఒక్క బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే పాత్ కూడా చెల్లుతుంది. "ఇప్పుడున్న డ్రైవ్‌లో మొట్టమొదటి ఫోల్డర్ నుంచి" అని దానర్థం. షెడ్యూల్ చేసిన స్క్రిప్ట్ నడుస్తున్నది సీ డ్రైవ్‌లో. ఫోల్డర్ లేకపోతే తయారు చెయ్యి అని నేనే చెప్పాను కాబట్టి సీ డ్రైవ్‌లో స్టూడియో-నాస్ అనే ఫోల్డర్‌ని అది బుద్ధిగా తయారు చేసింది. రోజూ రాత్రి డీ డ్రైవ్‌లోంచి సీ డ్రైవ్‌లోకి ఫొటోలు కాపీ. సీ, డీ రెండూ ఒకే హార్డ్‌డిస్క్ మీద రెండు భాగాలు. అంటే బీరువా తాళంచెవికి డూప్లికేట్ చేయించి, రెండూ ఒకే జేబులో వేసుకున్నట్టు.

నాస్‌లో చూస్తే ఫోల్డర్ నిండుగానే కనిపించింది, నాన్న అంతకుముందు చేత్తో కాపీ చేసినవి ఉన్నాయి కదా. నేను పైపైన చూసి హైదరాబాద్ బస్సెక్కేశాను.

ఆ తర్వాత కార్తీకం నుంచి మాఘం దాకా పెళ్లిళ్ల సీజన్. ఒకరోజు నాన్న ఫోన్ చేసి "ఏరా, సీ డ్రైవ్ ఎర్రగా చూపిస్తోందేంటి?" అన్నారు. "టెంపరరీ ఫైళ్లు పేరుకుపోయి ఉంటాయి నాన్నా, డిలీట్ చేసెయ్" అన్నాను. ఆ ఫోన్ కాల్ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ తనకు తెలిసిన భాషలో నాకు చెప్పింది, నేను వినలేదు.

2023 ఫిబ్రవరిలో ఆ హార్డ్‌డిస్క్ పోయింది. నాస్ ఉంది కదా అని నాన్న ధీమాగానే ఉన్నారు. తెరిచి చూస్తే మూడు నెలల ఫొటోలు లేవు. మెమరీ కార్డుల్లో ఉంటాయి కదా అంటారా? పచ్చ రంగులో సక్సెస్ అని కనిపించిన మర్నాడు కార్డు ఫార్మాట్ చేసి తర్వాతి ఫంక్షన్‌కి తీసుకెళ్లడం ఆయన పద్ధతి. నా మెసేజ్‌ని నమ్మి ఫార్మాట్ చేశారు. విజయవాడలో డేటా రికవరీ వాళ్లు చాలావరకు వెనక్కి తెచ్చారు. నాలుగు ఫంక్షన్లు రాలేదు. అందులో ఒకటి షష్టిపూర్తి. ఆ కుటుంబానికి బంధువుల సెల్‌ఫోన్లలో ఉన్న ఫొటోలే మిగిలాయి. నాన్న వాళ్లింటికి వెళ్లి అడ్వాన్స్ తిరిగిచ్చి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

ఒకే లైబ్రరీ, రెండు జవాబులు

తర్వాత కూర్చుని నా కోడ్‌ని లైన్ లైన్ చదివాను. నిజానికి నేను ఒక జాగ్రత్త కూడా పెట్టుకున్నాను. కాపీ మొదలయ్యే ముందు "ఈ అడ్రస్ పూర్తి అడ్రస్సేనా?" అని పైథాన్‌ని అడిగాను. ఓఎస్.పాత్ మాడ్యూల్‌లో దానికోసం ఈజ్‌యాబ్స్ అనే ఫంక్షన్ ఉంది. ఒక్క గీతతో మొదలైన నా విరిగిపోయిన అడ్రస్‌ని చూసి అది "అవును, పూర్తి అడ్రస్సే" అంది.

అది పూర్తి అడ్రస్ కాదు. ఏ డ్రైవో చెప్పకుండా పూర్తి అడ్రస్ ఎలా అవుతుంది? స్క్రిప్ట్ డీ డ్రైవ్‌లో నడిస్తే ఒక చోటికి, సీ డ్రైవ్‌లో నడిస్తే ఇంకో చోటికి పోతుంది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. అదే పైథాన్‌లో పాత్‌లిబ్ అనే ఇంకో మాడ్యూల్ ఉంది. 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. అదే ప్రశ్న దాన్ని అడిగితే, అదే విరిగిన అడ్రస్‌కి, "కాదు" అని సరైన జవాబు చెబుతుంది. మొదటి నుంచీ అలాగే చెప్పింది. ఒకే భాష, ఒకే స్టాండర్డ్ లైబ్రరీ, ఒకే ప్రశ్న, కానీ మీరు ఏ తలుపు కొట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. చివరికి 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13లో ఈజ్‌యాబ్స్‌ని సరిచేశారు. ఇప్పుడు విండోస్‌లో ఒక్క స్లాష్‌తో మొదలైతే పూర్తి అడ్రస్ కాదనే అంటుంది. అంటే ఈ రెండు జవాబులు పదేళ్లు పక్కపక్కనే కాపురం చేశాయి.

పైథాన్ టీమ్‌ని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. పాత ప్రోగ్రామ్‌లు ఆ పాత జవాబు మీద ఆధారపడి ఉంటాయి, తొందరపడి మారిస్తే అవి విరుగుతాయి. ఆ భయం న్యాయమైనదే. కానీ ఈ ఆలస్యం ఎందుకు సాగుతుందో గమనించండి. సీ:\ విషయంలో ఇలాంటి తప్పుంటే మొదటి వారంలోనే లక్షమంది అరిచేవాళ్లు. నెట్‌వర్క్ పాత్ అనేసరికి "అది ప్రత్యేక సందర్భంలే" అని పక్కన పెడతారు. పైథాన్‌లోనే ఒకప్పుడు యూఎన్‌సీ పాత్‌లను విడగొట్టడానికి స్ప్లిట్‌యూఎన్‌సీ అని వేరే ఫంక్షన్ ఉండేది. డ్రైవ్ అక్షరానికి ఒకటి, నెట్‌వర్క్‌కి ఒకటి. తెలిసినవాడు రెండూ పిలిచేవాడు, తెలియనివాడు ఒకటే పిలిచి చేతులు కాల్చుకునేవాడు. దాన్ని వాడొద్దని 3.1లోనే చెప్పి, 2018లో వచ్చిన 3.7లో తీసేశారు. ఇప్పుడు స్ప్లిట్‌డ్రైవ్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. మంచి మార్పు. నేను కోరుకునేది సరిగ్గా ఇదే: నెట్‌వర్క్ అడ్రస్ అనేది చుట్టంలా వచ్చిపోయేది కాదు, ఇంటి మనిషి. దానికి వేరే విస్తరి వెయ్యకూడదు.

బాగా చేసినవాళ్లు ఏం చేశారు?

సరైన పద్ధతి వెనకున్న ఆలోచన చాలా చిన్నది. సీ: ఎలాగో, \\నాస్\ఫొటోలు మొత్తం కలిపి అలాగే. సర్వర్ పేరు, షేర్ పేరు రెండూ కలిస్తేనే ఒక "డ్రైవ్". పాత్‌లిబ్‌లో ఒక నెట్‌వర్క్ పాత్ ఇచ్చి డ్రైవ్ ఏమిటని అడిగితే ఈ రెండూ కలిపే ఇస్తుంది. అక్కడినుంచి పై ఫోల్డర్‌కి, ఇంకా పై ఫోల్డర్‌కి అని వెళ్తూ ఉంటే షేర్ దగ్గర ఆగిపోతుంది. సీ:\ కంటే పైకి వెళ్లలేం కదా, ఇదీ అంతే.

గో భాషలో ఫైల్‌పాత్ అనే ప్యాకేజీ ఇలాగే చేస్తుంది, వాల్యూమ్‌నేమ్ అని అడిగితే హోస్ట్, షేర్ కలిపి ఇస్తుంది. కాకపోతే గోలో పాత్ అనే ఇంకో ప్యాకేజీ కూడా ఉంది, అది వెబ్ అడ్రస్‌ల్లాంటి మామూలు స్లాష్ పాత్‌లకే. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదాని బదులు ఇంకోటి వాడేసే ప్రమాదం ఉంది.

నాకు బాగా నచ్చింది రస్ట్. విండోస్ పాత్ మొదట్లో ఏమేం రావచ్చో ఆరు రకాలుగా విడగొట్టి, ఒక్కోదానికి పేరు పెట్టి లైబ్రరీలోనే రాసేశారు. అందులో యూఎన్‌సీ ఒక రకం. \\?\ అని మొదలయ్యే పొడుగు పాత్‌ల రూపంలో వచ్చే యూఎన్‌సీ ఇంకో రకం. విండోస్‌లో పాత్ మామూలుగా 260 అక్షరాలు దాటకూడదన్న పాత నియమాన్ని దాటడానికి వాడేది ఈ \\?\ గుర్తు. దీంతో ఒక చిక్కుంది. నెట్‌వర్క్ పాత్ ముందు దీన్ని ఊరికే అతికిస్తే పనిచేయదు, మధ్యలో యూఎన్‌సీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు కూడా రావాలి. ఇలాంటివి చేత్తో రాసుకుంటే తప్పులు తప్పవు. అలాగని రస్ట్ కూడా కడిగిన ముత్యమేం కాదు. విండోస్‌లో కేనానికలైజ్ అనే ఫంక్షన్ పిలిస్తే ఈ \\?\ రూపమే తిరిగి ఇస్తుంది, అది చాలా ప్రోగ్రామ్‌లకు మింగుడుపడదు.

డాట్‌నెట్‌లో "రూట్ నుంచి మొదలైందా?", "పూర్తి అడ్రస్సా?" అన్న రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి. నా విరిగిన అడ్రస్‌కి మొదటిది అవును అంటుంది, రెండోది కాదు అంటుంది. రెండూ నిజాలే. అడిగేవాడికి తేడా తెలిసేలా పేర్లు పెట్టడమే ఇక్కడ గొప్ప.

ఇక ఫైల్ అడ్రస్‌ని యూఆర్ఎల్‌గా మార్చేటప్పుడు ఇంకో తలనొప్పి. ఫైల్://నాస్/ఫొటో అన్న అడ్రస్‌లో సర్వర్ పేరు పాత్‌లో ఉండదు, హోస్ట్ స్థానంలో ఉంటుంది. నోడ్‌లో యూఆర్ఎల్ పాత్‌నేమ్ మాత్రం తీసుకుంటే నాస్ పేరు మాయమై /ఫొటో మిగులుతుంది. దీనికోసమే వాళ్లు ఫైల్‌యూఆర్ఎల్‌టూపాత్ అనే ఫంక్షన్ ఇచ్చి, తప్పు పద్ధతి, ఒప్పు పద్ధతి పక్కపక్కన పెట్టి డాక్యుమెంటేషన్‌లో చూపించారు. నాస్ అనే పేరుతోనే చూపించారు. అది చదివినప్పుడు నవ్వొచ్చింది, మా స్టూడియో గుర్తొచ్చి బాధా వేసింది.

"డ్రైవ్ మ్యాప్ చేసుకుంటే పోలా?"

ఈ మాట ఆఫీసులో సీనియర్లు కూడా అంటారు. నెట్‌వర్క్ ఫోల్డర్‌కి జెడ్: అని అక్షరం ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. చేత్తో ఫైళ్లు తెరుచుకునేవాళ్లకి అది హాయిగానే ఉంటుంది. కానీ ఆ మ్యాపింగ్ మీరు లాగిన్ అయిన సెషన్‌కి చెందినది. వేరే అకౌంట్‌తో నడిచే సర్వీస్‌కి జెడ్: కనిపించదు. అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రామ్‌కి కూడా మామూలుగా కనిపించదు. రాత్రి రెండింటికి ఎవరూ లేనప్పుడు నడవాల్సిన బ్యాకప్‌కి అది నమ్మదగిన ఊతకర్ర కాదు.

"మేం మ్యాక్, లైనక్స్‌లోనే రాస్తాం" అనేది ఇంకో వాదన. మీరు రాసేది అక్కడే, నడిచేది కస్టమర్ విండోస్ మెషీన్‌లో. పైగా అక్కడా పూర్తిగా తప్పించుకోలేరు. పోసిక్స్ ప్రమాణం ప్రకారం మొదట్లో సరిగ్గా రెండు స్లాష్‌లుంటే దానికి ప్రత్యేక అర్థం ఇచ్చుకునే స్వేచ్ఛ సిస్టమ్‌కి ఉంది. మూడు, అంతకన్నా ఎక్కువైతే ఒకటి కిందే లెక్క. అందుకే పాత్‌లిబ్ లైనక్స్‌లో కూడా మొదటి రెండు స్లాష్‌లను కదపకుండా అలాగే ఉంచుతుంది. "డబుల్ స్లాష్ అంటే టైపింగ్ మిస్టేక్" అనుకోవడం ఎక్కడైనా ప్రమాదమే.

"లైబ్రరీ ఏం చేస్తుంది, నువ్వే కదా గీత చెరిపేసింది" అంటారా? ఒప్పుకుంటా. నేను చెరిపిన గీతను ఏ లైబ్రరీ తిరిగి గీయలేదు, గీయకూడదు కూడా. ఊహించి సరిచేసే లైబ్రరీ ఇంకా ప్రమాదం. నేను అడిగేది అది కాదు. "ఇది పూర్తి అడ్రస్సేనా?" అని అడిగినప్పుడు నిజం చెప్పమంటున్నాను, అంతే. ఆ ఒక్క జవాబు సరిగ్గా వచ్చి ఉంటే నా స్క్రిప్ట్ మొదటి రాత్రే ఆగిపోయేది. నాన్న ఫోన్ చేసి "నీ ప్రోగ్రామ్ పనిచేయట్లేదురా" అనేవారు. అంతకంటే మంచి కబురు ఉండేది కాదు.

ఇంకో వైపు ప్రమాదం

ఇప్పటిదాకా గీత పోవడం వల్ల వచ్చే నష్టం చూశాం. అక్కర్లేని చోట గీతలు వచ్చినా నష్టమే. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ \\ఎవరో\ఏదో అన్న ఫైల్ తెరవబోతే, సిస్టమ్ చాలా సందర్భాల్లో మిమ్మల్ని అడగకుండానే ఆ మెషీన్‌కి లాగిన్ అవ్వడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలో మీ పాస్‌వర్డ్ నుంచి తయారైన ఎన్‌టీఎల్ఎం సమాచారం అవతలి మెషీన్‌కి చేరుతుంది. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌లో సరిచేసిన పెద్ద లోపం ఇలాంటిదే. రిమైండర్ మోగేటప్పుడు వినిపించాల్సిన సౌండ్ ఫైల్ స్థానంలో ఎవడో తన సర్వర్ యూఎన్‌సీ అడ్రస్ పెట్టి పంపితే చాలు, మెయిల్ తెరవకపోయినా పని జరిగిపోయేది.

మీ సొంత కోడ్‌లో కూడా ఇది జరగొచ్చు. యూజర్ ఇచ్చిన ఫైల్ పేరుని మీ ఫోల్డర్‌తో జాయిన్ చేస్తున్నారనుకోండి. పైథాన్‌లో రెండో భాగం \\తో మొదలయ్యే పూర్తి అడ్రస్ అయితే, మొదటి భాగాన్ని పూర్తిగా వదిలేసి రెండోదాన్నే ఇస్తుంది. ఇది డాక్యుమెంటేషన్‌లో రాసి ఉన్న ప్రవర్తనే, బగ్ కాదు. కానీ "నా అప్‌లోడ్స్ ఫోల్డర్ దాటి ఎక్కడికి పోతుందిలే" అనుకునేవాడికి ఇది గోతి.

కోడ్ రాసేవాళ్లకు నా ఐదు మాటలు

1. పాత్ అంటే టెక్స్ట్ కాదు. రీప్లేస్, స్ప్లిట్, ప్లస్ గుర్తు పెట్టి అతికించడం మానేయండి. భాష ఇచ్చిన పాత్ టైప్ వాడండి.

2. "రెండో అక్షరం కోలన్ అయితే పూర్తి అడ్రస్" అన్న చెక్ ఎక్కడైనా రాసుంటే ఈరోజే తీసేయండి.

3. టెస్టుల్లో కనీసం నాలుగు అడ్రస్‌లు ఉండాలి: సీ:\ తో మొదలయ్యేది, \\నాస్\షేర్ తో మొదలయ్యేది, ఒక్క గీతతో మొదలయ్యేది, \\?\ తో మొదలయ్యేది. విండోస్ మెషీన్ లేదని వంక వద్దు. పాత్‌లిబ్‌లో ప్యూర్‌విండోస్‌పాత్ అనేది లైనక్స్, మ్యాక్‌లలో కూడా పనిచేస్తుంది, డిస్క్‌ని ముట్టుకోదు.

4. బయటివాళ్లు ఇచ్చిన పాత్‌ని తెరవకముందే తనిఖీ చేయండి. ఫైల్ ఉందా లేదా అని చూడటం కూడా నెట్‌వర్క్‌ని తాకినట్టే.

5. "ఫోల్డర్ లేకపోతే తయారు చెయ్యి" అన్న సౌకర్యం బ్యాకప్ గమ్యానికి వాడొద్దు. నాస్ మీద ఉండాల్సిన ఫోల్డర్ లేదంటే ఏదో తేడా ఉందని అర్థం. అక్కడ ఆగి అరవాలి.

కోడ్ రాయనివాళ్లకు ఒక్క పరీక్ష

మీరు వాడేది వేల రూపాయల బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అయినా, ఫ్రీ యాప్ అయినా, మీ అబ్బాయి రాసిచ్చిన స్క్రిప్ట్ అయినా ఇది చేయండి. నాస్ వైరు పీకేయండి, లేదా దాన్ని ఆఫ్ చేయండి. ఇప్పుడు బ్యాకప్ నడపండి. ఎర్రర్ రావాలి. రాకుండా "సక్సెస్" అందంటే, మీ ఫొటోలు ఎక్కడికో పోతున్నాయి, నాస్‌కి మాత్రం కాదు. తర్వాత నాస్ ఆన్ చేసి మళ్లీ బ్యాకప్ నడిపి, ఫోన్‌లోంచి నాస్ తెరిచి నిన్నటి తేదీ ఫైల్ ఒకటి చూడండి. రెండూ కలిపి పది నిమిషాల పని. రివ్యూలు రాసేవాళ్లం మేము కూడా స్పీడ్ టెస్టులతో పాటు ఇదొకటి చేస్తే బాగుంటుంది.

స్టూడియో స్క్రిప్ట్‌ని పాత్‌లిబ్‌తో తిరగరాశాను. ఇప్పుడది కాపీ అయ్యాక నాస్ నుంచి ఫైళ్లు తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని పోల్చి చూస్తుంది. అప్పుడే పచ్చ మెసేజ్ వస్తుంది. అయినా నాన్న దాన్ని నమ్మరు. పొద్దున్నే టీ తాగుతూ ఫోన్‌లో నాస్ తెరిచి, ముందురోజు తీసిన ఫొటోల్లో ఒకటి పెద్దది చేసి చూస్తారు. అది చూశాకే కార్డు ఫార్మాట్ చేస్తారు.

ఆయన పద్ధతే కరెక్ట్.